మూడు నీళ్లలో కడిగిన పాలకూర

పటాన్‌చెరు దాటి వాగు పక్కనున్న ఆ పొలానికి మా సారు రెండుసార్లే వచ్చాడు. రెండుసార్లూ కారు దిగలేదు. అద్దాలు ఎక్కించి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "వెళ్లి తీసుకురా" అన్నాడు. నేలలోనూ మొక్కల్లోనూ లోహాలు ఎంతున్నాయో తేల్చే పరిశోధనకు ఆయన పెద్ద. నేను ఆయన కింద అసిస్టెంటుని. తొంభైల తొలినాళ్ల మాట. వాగుకు ఎగువన ఫ్యాక్టరీలు. నీళ్లు ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పసుపుపచ్చగా వచ్చేవి. కళ్లున్న ఎవరికైనా తెలిసే సంగతిని తెలుసుకోవడానికి మాకు రెండేళ్లు గడువు ఇచ్చారు.

ఆ తర్వాత నేనొక్కడినే బస్సులో వెళ్లేవాడిని. మట్టి, ఆకు తీసుకునేది ఒక ముసలామె పాలకూర మడిలో. వాగులోంచి మోటారుతో తడి పెట్టేది. ఇనుప పార వాడకూడదని సారు ఆజ్ఞ, ఆ ఇనుము మన ఫలితాల్లో కలుస్తుందని. అందుకని ఎండిన రేగడిని ప్లాస్టిక్ గరిటెతో గీకేవాడిని. వారానికో గరిటె విరిగేది. ఆమె గట్టు మీద కూర్చుని నవ్వేది.

"ఏంది బిడ్డా, చెంచతోని పొలం తవ్వవడ్తివి? గిట్లయితే నీ సదువు ఎన్నడు ఒడుస్తది?"

గడువు చివరి నెలల్లో, నవ్వడం అయ్యాక ప్రతిసారీ ఒక్కటే అడిగేది. ఆమె కోడలికి ఐదో నెల.

"రక్తం తక్కువున్నది, ఆకుకూర తినుమని దవాఖాన్ల చెప్పిండ్రు. మా ఇంట్ల ఉన్న ఆకుకూర గిదే. పెట్టాల్నా, వద్దా? గదొక్కటి చెప్పు చాలు."

"రిపోర్టు రానీ పెద్దమ్మా" అనేవాడిని.

వచ్చేటప్పుడు ఒక కట్ట నా సంచిలో కుక్కేది. వద్దంటే వినేది కాదు. తన పాత ఎర్రచీర చించిన పేలికలతో కట్టేది కట్టలు. పటాన్‌చెరు బస్టాండులో బస్సు మారేటప్పుడు దాన్ని చెత్తకుప్ప మీద పడేసేవాడిని. వాగు రంగు చూసినవాణ్ణి, ఎలా తింటాను? అంత తెలివైనవాణ్ణి ఆమెకు మాత్రం నోరు విప్పి చెప్పలేదు. రిపోర్టు రాకముందు మాట్లాడటం శాస్త్రీయం కాదని సారు నేర్పాడు. నాకూ అది హాయిగానే ఉంది.

ల్యాబులో ఆ ఆకుకు జరిగే మర్యాద పెళ్లికూతురికి కూడా జరగదు. ముందు కుళాయి నీళ్లు, తర్వాత పలచని యాసిడ్, చివర డిస్టిల్డ్ వాటర్. అలా కడిగి, ఎండబెట్టి, పొడిచేసి మెషీనుకు ఇస్తాం. మరి పొలంలో? ఒకసారి తెల్లారకముందే వెళ్లాను. ఆమె కోసిన కట్టల్ని ఒక్కొక్కటిగా ఆ రంగునీళ్లలోనే ముంచి తీస్తోంది. నిగనిగలాడితేనే గిరాకీ అంది.

సారు మధ్యాహ్నం భోజనం మా హాస్టల్ మెస్‌లోనే. మర్నాడు అక్కడ ఆయన పప్పన్నం కలుపుకుంటుండగా ఈ సంగతి చెప్పాను. "మనం కడగకుండా కూడా ఒకసారి చూద్దాం సార్. జనం తినేది ఆ ఆకునే కదా."

"మనకు కావాల్సింది మొక్క పీల్చుకున్నది. పైన అంటుకున్నది కాదు. పద్ధతి పద్ధతే" అన్నాడు.

కడిగిన ఆకులో లోహాలు హద్దు లోపలే తేలాయి. సరే, పీల్చుకున్నదెంతో రాసి ఊరుకుంటే సరిపోయేది. ఆయన రిపోర్టు చివర 'ఈ ఆకుకూర తినడానికి యోగ్యమే' అని ఇంకో వాక్యం తగిలించాడు. ఇంట్లో యాసిడ్ పెట్టుకుని ఆకుకూర కడిగేవాళ్లెవరో మరి! ఆ వాక్యం టైపు చేసింది నేనే. అందుకే ఆయన్ని తిట్టినప్పుడల్లా నన్నూ కలుపుకునే తిడతాను.

కాగితం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లాను.

"తినొచ్చట పెద్దమ్మా" అన్నాను. ఆ 'అట'తో నా మనస్సాక్షికి న్యాయం చేశాననుకున్నాను.

ఆమె కాగితం ముట్టుకోలేదు. కొంగుముడి విప్పి ఎర్ర పేలిక తీసింది.

"మీ కాయితం నాకు సదువరాదు బిడ్డా. పోయినవారం నీ ఎన్కనే మార్కెట్‌కు వోతుంటే బస్టాండ్ల చెత్తకుప్ప మీద నా కట్ట కనవడ్డది. తినేటిదైతే నువ్వెందుకు పారేస్తవు? గా దినమే కోడలి పళ్లెంలకెల్లి తీసేసిన."

అంటే అప్పటిదాకా పెడుతూనే ఉంది, నా జవాబు కోసం చూస్తూ. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు కప్పుకోవడానికి కోపం తెచ్చుకున్నాను.

"మరి ఊళ్లోవాళ్లకు అమ్ముతున్నావు కదా!"

"తినొచ్చని మీరే రాస్తిరి. ఇగ నాకేంది?" అంది, చల్లగా. "మీ హాస్టల్ వంటాయన రోజు మార్కెట్ల నా కాడనే తీస్కపోతడు. ఎర్ర పేలిక సూసి మరీ ఏరుకుంటడు."

మర్నాడు మెస్‌లో పాలకూర పప్పు. నేను పెరుగన్నం తిన్నాను. నా ఎదురుగా సారు మారు వడ్డించమని గిన్నె ముందుకు జరిపాడు. రిపోర్టు ప్రకారం అది తినడానికి యోగ్యమే.