కండెం చేయడమంటే

బావగారు పశువుల డాక్టరును వెంటబెట్టుకుని, ఎద్దులతో నీళ్లు తోడే మా కపిల బావి దగ్గరికి వచ్చినప్పుడే నాకు అనుమానం పుట్టింది. బావగారంటే మా ఆయనకు అన్న, హోసూరులో ఆఫీసు ఉద్యోగం. పని లేకుండా మా ఊరు గురుబరపల్లి దాకా వచ్చే మనిషి కాదు. ఇద్దరూ మా పెద్ద ఎద్దు చుట్టూ తిరుగుతూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నేను మూడో తరగతితో బడి మానినదాన్ని. ఆ మాటల్లో ఒక్కటే నాకు చిక్కింది: కండెం.

అది అంతకుముందు విన్న మాటే. మా పుట్టింటి ఊళ్లో బడి గోడ బీటలు వారితే ఎవరో అధికారి వచ్చి కండెం చేశాడన్నారు. బడి టేకు దూలాలు, ఆ అధికారిని పిలిపించిన ఊరిపెద్ద ఇంటి పశువుల కొట్టానికి ఎక్కాయి. నేను కాన్పుకు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, కాలు ఊగే మంచాన్ని కండెం అంటూ అక్కడి పనివాళ్లే వెనక తలుపులోంచి మోసుకుపోయారు. ఒక్క మేకు కొడితే నిలిచే మంచం. పనికిరాదని పై అధికారి చేత అనిపించడం, అనిపించినవాడే ఎత్తుకుపోవడం. ఆ మాటకు నాకు తెలిసిన అర్థం అదే.

"ముసలిదైపోయిందప్పా. ఊత్తంగరై సంతకు నేనే తోలుకోని పోతాను, నువ్వు రావద్దు" అని బావగారు అప్పటికే తమ్ముడికి చెబుతున్నారు. మా ఆయన తన అన్న మాట దాటడు. ఎద్దు పోతే రాగి మడికి నీళ్లుండవు. కొత్తదాన్ని కపిలకు అలవాటు చేసేలోగా పైరు ఎండిపోతుంది.

బావగారి ఎదుట నోరు విప్పడం మా ఇంట్లో లేదు. చెప్పాల్సింది ఉంటే గోడకో గొడ్డుకో చెప్పాలి. ఎద్దును దాని జతతో కపిలకు కట్టి తోలాను. వాలు దిగుతూ తోలుబానను పైకి లాగింది. నీళ్లు కాలువలో పడగానే, ఎవరూ అదిలించకుండా వెనకడుగులు వేసుకుంటూ గట్టెక్కింది. దాని మూపు తట్టి, అందరికీ వినబడేలా అన్నాను:

"నిన్ను కండెం చేస్తారంట. సంతకే పోతావో, ఇంగ యాడికి పోతావో, ఇప్పుడే అడిగి పెట్టుకో."

డాక్టరు నావైపు తిరిగాడు. "నేను చెయ్యననే చెప్తా ఉండానమ్మా. ఈయనే చెయ్యమంటా ఉండాడు."

మా ఆయన తన అన్న మొహంలోకి చూశాడు. బావగారు బస్సు ఎప్పుడుందని అడిగారు.

డాక్టరుకు మజ్జిగ ఇచ్చాను. బావగారికి, తాగమన్నట్టు, కాలువ చూపించాను. అందులో పారేవి ఆ ఎద్దు తోడిన నీళ్లే.