అత్తయ్యా, ఐదో ప్లాట్‌ఫారం

ఆ బస్‌స్టాండులో ఆమె అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె మైకమ్మ. మేడ మీది అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పడం పంతొమ్మిదేళ్లుగా ఆమె ఉద్యోగం. గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ, నొక్కితే ఒక్కోసారి తిరిగి పైకి రాని మీటతో ఒక పాత మైకు, బస్సుల వేళలు రాసుకునే అట్టపుస్తకం ఉండేవి. అద్దంలోంచి చూస్తే ఆరు ప్లాట్‌ఫారాలూ కనిపించేవి. రోజంతా మాట్లాడి ఇంటికెళ్లాక ఆమె నోరు విప్పేది కాదు. గడియారాలు బాగుచేసే భర్త, "ఊరందరికీ వినిపించేదాంట్లో నాకు పదో వంతు వినిపించినా చాలు" అని వేళాకోళం చేసేవాడు.

కొత్త ఫ్లూ వచ్చిందని వార్తలు మొదలైన వారంలోనే బస్‌స్టాండు తీరు మారిపోయింది. జనం మెట్ల పక్క కమ్మీ ముట్టుకోవడం మానేసి, సర్కస్‌లో తీగ మీద నడిచేవాళ్లలా చేతులు చాపుకుని దిగసాగారు. ఒకాయన ఈత కళ్లద్దాలు పెట్టుకుని వచ్చి, అవి ఆవిరి పట్టడంతో టికెట్ల వరుస అనుకుని మరుగుదొడ్డి వరుసలో పావుగంట నిలబడ్డాడు. ఎవరైనా తుమ్మితే చాలు, బెంచీకి బెంచీ ఖాళీ అయ్యేది. ఇంత భయపడే జనమే మాస్కును మాత్రం గడ్డం కింద వేలాడదీసుకుని తిరిగేవారు.

ఆరోగ్య శాఖ నుంచి ఒక కాగితం వచ్చింది. గంటకు నాలుగుసార్లు చదవమన్నారు. "శ్వాసకోశ సంబంధిత లక్షణములు కలిగిన ప్రయాణికులు తమ ప్రయాణమును వాయిదా వేసుకొనవలసినదిగా కోరడమైనది" అని మొదలయ్యేది అది. మైకమ్మ మూడు రోజులు అక్షరం పొల్లు పోకుండా చదివింది. కింద ఒక్కరు కూడా తల ఎత్తలేదు. ఫ్యాను చప్పుడు విన్నట్టే విన్నారు.

నాలుగో రోజు ఆమెకు ఓపిక నశించింది. కాగితం పక్కన పెట్టి మీట నొక్కింది.

"మూడో ప్లాట్‌ఫారం మీద గళ్ల చొక్కా వేసుకున్న బాబుగారూ, దగ్గు వచ్చేది గడ్డంలోంచి కాదండీ. మాస్కు కాస్త పైకి లాక్కోండి."

మూడో ప్లాట్‌ఫారం మీద గళ్ల చొక్కాలు నాలుగున్నాయి. నాలుగు మాస్కులూ ఒకేసారి పైకి లేచాయి. చారల చొక్కాలవాళ్లు కూడా, తమ వంతు ఎప్పుడొస్తుందోనని ముందుగానే సర్దుకున్నారు.

ఆ రోజు నుంచి జనం ఆమె మాట చెవులు రిక్కించి వినసాగారు. అరచేతిలోకి దగ్గి అదే చేత్తో బస్సు తలుపు పట్టుకున్నవాళ్లకు కుళాయి ఎక్కడుందో చెప్పేది. ఒక పెద్దమనిషి బెంచీ మీద జాగా కోసం అబద్ధపు దగ్గు దగ్గి, నలుగురినీ లేపి, హాయిగా కాళ్లు చాపుకున్నాడు. "రెండో ప్లాట్‌ఫారం బెంచీ మీద పడుకున్న అయ్యగారూ, మీ దగ్గు వింటే నాకే భయమేస్తోంది. నర్సమ్మకు కబురు పెట్టాను, సూది తీసుకుని వస్తోంది" అంది మైకమ్మ. ఆయనకు అక్కడికక్కడే నయమైపోయింది.

అయితే గళ్ల చొక్కాల్లో ఒకాయన ఫిర్యాదు రాశాడు. మేనేజరు ఆమెను పిలిపించాడు. ఆయన మూడు మాస్కులు ఒకదాని మీద ఒకటి పెట్టుకోవడంతో సగం మాటలు లోపలే ఉండిపోతున్నాయి.

"చూడండమ్మా, మీరు చెప్పేది మంచికే. కాదనను. కానీ పదిమందిలో ఒక మనిషిని వేలెత్తి చూపిస్తే ఎలా? అందరికీ కలిపి చెప్పండి. చొక్కాల జోలికి పోకండి."

ఆమె ఆ మాట గురించి సాయంత్రం దాకా ఆలోచించింది. నిజమే అనిపించింది. అద్దం వెనక కూర్చుని ఎవరినైనా ఏమైనా అనేయొచ్చు, వాళ్లకు తిరిగి అనడానికి మైకు లేదు. ఇకపై ఎవరినీ విడిగా అననని మేనేజరుకు మాటిచ్చింది.

ఆ మాట సరిగ్గా తొమ్మిది రోజులు నిలిచింది.

పదో రోజు పొద్దున ఆమె అత్తగారు నీరసంగా లేచింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆవిడ కూతురికి పాప పుట్టి ఇరవై రెండు రోజులైంది, చూడటానికి ఆ రోజు ప్రయాణం. "జ్వరం చూద్దామా అత్తయ్యా?" అంటే, "నాకెందుకే జ్వరం? పొయ్యి దగ్గర నిలబడ్డాను, వేడి తగిలింది" అంది. చివరికి, సరే వెళ్లనులే అని కోడలిని సాగనంపింది. ఆ "సరే" మరీ తేలిగ్గా రావడంతో మైకమ్మకు దారంతా అనుమానంగానే ఉంది.

పదకొండు గంటలకు ఐదో ప్లాట్‌ఫారం స్తంభం వెనక నుంచి ఒక ఊదారంగు చీర కొంగు ఎగిరింది. అద్దాల గదిలోంచి కనబడకుండా ఎక్కడ నిలబడాలో అత్తగారు బాగానే లెక్క చూసుకుంది గాని, గాలిని లెక్కలోకి తీసుకోలేదు. బస్సు వచ్చి ఆగింది. బయల్దేరడానికి ఏడు నిమిషాలుంది. మార్పిడికి రావలసిన గుమాస్తా ఇంకా రాలేదు, గది వదిలి దిగే వీల్లేదు. ఫోన్ చేస్తే అత్తగారు ఎత్తలేదు. మైకమ్మ ఆరోగ్య శాఖ కాగితం తీసి మైకులో మొత్తం చదివింది. ఊదారంగు కొంగు బస్సు మెట్టెక్కింది.

ఆమె చేయి మీట మీద పడింది.

"అత్తయ్యా, ఐదో ప్లాట్‌ఫారం. పాపకింకా నెల నిండలేదు అత్తయ్యా. దిగండి."

బస్‌స్టాండులో ఉన్న అత్తగార్లందరూ తలెత్తి చూశారు. ఒకటో ప్లాట్‌ఫారం బస్సులోంచి ఎవరో ముసలావిడ దగ్గుకుంటూ దిగి, సంచీ భుజాన వేసుకుని ఇంటిదారి పట్టింది. ఐదులోంచి కూడా అత్తగారు దిగింది, కానీ ఇంటివైపు కాదు. మేడ మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నలుగురిలో నా పరువు తీశావు కదే."

"లోపలికి రాకండి. అక్కడే నిలబడి చెప్పండి. జ్వరం ఎంతుంది?"

"నాకేం లేదన్నానా?"

"అత్తయ్యా."

"వంద."

"నిజం చెప్పండి."

"నూటొకటి. మాత్ర వేసుకోకముందు నూట రెండు. అయితే ఏమిటట? దూరం నుంచే చూసొద్దామనుకున్నాను."

"దూరం నుంచి చూసి ఎత్తుకోకుండా వస్తారా మీరు?"

అత్తగారు సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. అంతలో కింది నుంచి ఒక గొంతు వినిపించింది: "నూట రెండంటే మాటలు కాదు, ఇంటికెళ్లి పడుకోండి పెద్దమ్మా." అప్పుడు మైకమ్మ మీట వైపు చూసింది. అది లోపలికి వెళ్లి అక్కడే ఇరుక్కుపోయి ఉంది.

మేనేజరు మెట్ల కింద దాకా వచ్చి, పైనున్నది జ్వరమని తెలిసి, అక్కడే ఆగిపోయాడు.

అత్తగారికి కొత్త ఫ్లూయే అని తేలింది. ఐదు రోజులు మంచం దిగలేదు. మైకమ్మ, భర్త వారం పాటు ఇల్లు కదల్లేదు. పెళ్లయ్యాక భార్య ఇంతగా మాట్లాడటం ఇదే మొదటిసారి అని ఆయన సంబరపడ్డాడు. ఆమె మాట్లాడేది ఎక్కువగా మూసిన తలుపు అవతలి అత్తగారితో. మొదటి రెండు రోజులూ అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు జ్వరం బాగా పెరిగినప్పుడు, "ఆ పసిదాన్ని ఎత్తుకునుంటే ఏమయ్యేదే" అని సన్నగా వినిపించింది. మైకమ్మ తలుపుకు వీపు ఆనించి, "ఎత్తుకోలేదుగా అత్తయ్యా" అని మాత్రం అంది.

మూడు వారాల తర్వాత, డాక్టరు సరేనన్నాక, అత్తగారు అదే బస్సెక్కింది. మధ్యాహ్నం అద్దాల గదిలో ఫోన్ మోగింది.

"నీ ఆడపడుచు నన్ను గుమ్మంలోనే ఆపి మోచేతుల దాకా కడిగించింది. కన్నతల్లినని కూడా చూడలేదు" అంది అత్తగారు. ఆ వెంటనే, "మంచిపనే చేసిందిలే. ఇదిగో, విను" అంది.

ఫోన్లోంచి పాప గుక్కపట్టి ఏడవడం వినిపించింది. ఆరో ప్లాట్‌ఫారం మీదికి బస్సు వచ్చి ఆగింది. మైకమ్మ చూసింది, అయినా ఫోన్ చెవి దగ్గర నుంచి తీయలేదు. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఒక బస్సు సంగతి అర నిమిషం ఆలస్యంగా చెప్పింది.