కళ్ళు మూసుకొని విన్న తీర్పు

మధ్యాహ్నపు వడగాలికి కిటికీకి కట్టిన వట్టివేళ్ళ తడక వాసన వేస్తుంటే, ఎదురుగా ఎవరో తీర్పు చదువుతుంటే, నా కళ్ళు వాటంతటవే మూతపడతాయి. ఈరోజు తాడిపత్రి నుంచి వచ్చిన క్లయింటు నేను నిద్రపోయాననుకొని చదవడం ఆపాడు. చదవండి, వింటున్నాను అన్నాను. ఆ మాట నాది కాదు, మస్తాన్ సార్‌ది.

అనంతపురంలో దావా ఓడినవాళ్ళు అప్పీలు కోసం వెతుక్కుంటూ వచ్చేది ఆయన దగ్గరికే. కోటు కుర్చీకి తగిలించి, కళ్ళు మూసుకొని తీర్పు మొత్తం చదివించుకునేవారు. పగలే గుర్రుపెట్టే ప్లీడరని గిట్టనివాళ్ళు ఎకసెక్కాలాడేవారు. ఆయన మాత్రం ఉన్నట్టుండి ఒక వాక్యం దగ్గర కళ్ళు తెరిచి, "ఈడ జడ్జిగారు మన మాట వినలేదప్పా" అనేవారు. ఆ వాక్యం పట్టుకునే అప్పీలు రాసేవారు. పైకోర్టులో కొత్త కథ చెప్పుకొనే వీలు దాదాపు ఉండదు, కింది కోర్టు ఎక్కడ వినకుండా పోయిందో చూపించాలి, అంతే అనేవారు.

నేను ఆయన గదికి మొదట వెళ్ళింది ప్లీడరుగా కాదు. డిగ్రీ చదివే రోజుల్లో మా నాయన వెంట వెళ్ళాను. మా వేరుశనగ చేనికి బండి పక్క చేని అంచునే పోవాలి. వంక చుట్టి ఇంకో దారి ఉందిగానీ అందులో బండి దిగబడుతుంది. ఆ చేని పెద్దాయన ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది లేదు. ఆయన కాలం చేశాక కొడుకు నాగప్ప ముళ్ళకంచె వేశాడు. నాయన దావా వేసి ఓడిపోయాడు. దారి లేకపోతే మాకు చేను ఉన్నా లేనట్టే.

ఇంగ్లీషు తీర్పును నేను తెలుగు చేసి చెబుతూ పోయాను. బయట ఎండలో వీధి ఆవిరిలా కదులుతోంది. నా గొంతు నాకే ఎక్కడి నుంచో వినిపిస్తోంది. నాయన సార్ రెప్పలనే చూస్తున్నాడు. చివరి పేజీ అయిపోయింది. అవి తెరుచుకోలేదు.

సార్ కళ్ళు మూసుకునే అడిగారు. "ఏటా పెద్దాయనను అడిగి బండి తోలుకుంటాంటిమని బోనులో చెప్పినావా?"

"చెప్పినా సార్. అడక్కుండా ఎట్ల పోతాం, మర్యాద కాదు కదా."

"ఆ మాటే కేసును చంపింది. అడక్కుండా ఏండ్ల తరబడి నడిచింటే హక్కయ్యేది. అడిగి నడిస్తే అది వాళ్ళ దయ అంటాది చట్టం. జడ్జిగారు నీ మాటంతా విన్నాడు. అప్పీలుకు పోవద్దు."

నాకు ఒళ్ళు మండింది. నాలుగు కాగితాలు రాసిపడేస్తే ఈయన సొమ్మేం పోయిందనుకున్నాను. నాయన మాత్రం, మరి అబద్ధం చెప్పాల్సిందా అని అడిగాడు.

"వద్దు. ఏరువాక వస్తాండాది. మళ్ళీ అడుగు పో" అన్నారు సార్.

ఓడినవాడు గెలిచినవాణ్ణి అడగడమంటే తల తీసేసినట్టే కదా. నాయన రోజుల తరబడి నలిగాడు. తొలకరి పడి మన్ను వాసన లేచిన ఉదయం, నేనూ ఆయనా కంచె ఇవతల నిలబడ్డాం. పెద్దాయనను అడిగినట్టే అడిగాడు. "బండి తోలుకుంటా నాగప్పా."

నాగప్ప మా వైపు చూడలేదు. కంప లాగి పక్కకు వేశాడు. "మా నాయనను ఏటా అడుగుతాంటివి. నన్నెప్పుడు అడిగినావు?" అన్నాడు.

సార్ ఇప్పుడు లేరు. డిగ్రీ అయ్యాక నేను లా చదివి, ఆయన దగ్గరే పని నేర్చుకున్నాను. అప్పీలు రాయడం తొందరగానే వచ్చింది. వద్దని చెప్పడమే ఇప్పటికీ కష్టం.

తాడిపత్రి ఆయన మళ్ళీ చదువుతున్నాడు. వాక్యాలు వడగాలిలో తేలి వస్తున్నాయి. నా రెప్పలనే చూస్తున్నాడని నాకు తెలుసు. అవి తెరుచుకోవాలని నాకూ ఆశే. ఇంకో పేజీ ఉంది.