చక్రాల కుర్చీలో మా అత్తగారు

మా అత్తగారు పోయారని పోయిన మంగళవారం పొద్దున మా బావమరిది ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను ప్లాంటులో ఉన్నాను. పాలు కాచి దించి, ఆయాసంగా ఉందని వంటింట్లో పీట మీద కూర్చున్నారట. మళ్ళీ లేవలేదట.

ఆ సాయంత్రమే మా ఆవిడ, పాప బయలుదేరి వెళ్ళారు. ఏ విమానం, ఎక్కడ ఆగుతుంది, ఎంతసేపు ఆగుతుంది అని ఎవరూ అడగలేదు. ముందు ఏది దొరికితే అది ఎక్కించాను. నా వీసా కాగితాలు తేలలేదు కనుక నేను కదలడానికి లేదు. ఇల్లు ఖాళీగా ఉంది. పాపకి ఇప్పుడు అయిదో ఏడు. అది చంటిపిల్లగా ఉన్నప్పుడు ఇదే హాల్లో విమానం కోసం మేము పడిన తర్జనభర్జన గుర్తుకొచ్చింది. అత్తగారి గురించి రాయాలంటే నేను అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

పాప పుట్టినప్పుడు ఆవిడ అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి మొదటిసారి వచ్చారు. కృష్ణా జిల్లాలో వరీ మినుమూ పండించే ఇంటి మనిషి. అల్లుడి ఎదుట కూర్చోకూడదని ఆవిడకి పట్టింపు. నేను ఆఫీసు నుంచి రాగానే సోఫాలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళేవారు. "కూర్చోండి అత్తయ్యగారూ" అంటే, "పర్లేదండీ, ఇందాకట్నించీ కూర్చునే ఉన్నా" అనేవారు గోడవైపు చూస్తూ. నాతో చెప్పాల్సింది కూడా కూతురికే చెప్పేవారు. నేను అక్కడే భోంచేస్తూ ఉంటే, "అమ్మాయ్, అల్లుడుగారిని ఇంకాస్త పెరుగు వేసుకోమను" అనేవారు.

ఆవిడ వెళ్ళేలోపు అలవాటు కావాలని పాపని డే కేర్‌లో వేశాం. నాలుగు రోజులు వెళితే వారం జ్వరం. మా ఆవిడకి కొత్త ఉద్యోగం, సెలవులన్నీ అయిపోయాయి. ఉద్యోగం పోతే తన వీసా కూడా పోతుంది. అత్తగారు ఇక్కడ ఉండే గడువు దగ్గర పడింది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ ఆవిడే అన్నారు.

"నేను తీసుకెళ్తానమ్మాయ్. మాటలొచ్చాక తెచ్చి నీకిస్తా."

మా ఆవిడ సగం తిన్న కంచంలోనే చెయ్యి కడిగేసుకుంది.

వద్దనుకున్నాం, సరేననుకున్నాం, మళ్ళీ వద్దనుకున్నాం. పిల్లని పంపాలా అన్న మాట ఎత్తలేక, ఏ విమానంలో పంపాలన్న మాటే రోజుల తరబడి మాట్లాడుకున్నాం. ఒక శనివారం మా ఆఫీసు మిత్రుడు శ్రీకాంత్ లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. వరంగల్ అతను. రెండుసార్లు పిల్లాడితో వెళ్ళి వచ్చినవాడు.

"అన్నా, నువ్వు యూరప్ మీదికెళ్లి పోయేది బుక్ చెయ్. ఈడనే డెట్రాయిట్ల ఎక్కుడు. రెండు దిక్కుల దిగాలె గానీ జల్ది పోతది. బేసినెట్ ఇస్తరు, సర్వీస్ మంచిగుంటది."

"రెండుసార్లు దిగి ఎక్కాలా? అమ్మకి ఇంగ్లీష్ రాదు," అంది మా ఆవిడ.

అత్తగారు పాపని భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. "బేసినెట్ అంటే ఏంటి బాబూ?"

"తొట్టె లెక్క ఉంటదాంటీ. ముందటి గోడకి తగిలిస్తరు. పాప అండ్ల పంటది. కుదుపులొస్తే మాత్రం తీసి ఒళ్లె పెట్టుకోమంటరు."

"నిద్రపోయే పిల్లని లేపి తియ్యాలా? ఇంకెందుకది? వాళ్ళ టీ కప్పులు పెట్టుకోమను."

శ్రీకాంత్ గట్టిగా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. "అది సరే గానీ, నేను బాత్రూముకెళ్తే పిల్లనెవరు పట్టుకుంటారు?" అన్నారు.

ఆ లాప్‌టాప్‌లో భోజనాలు, సీట్లు, సామాను బరువులు అన్నీ ఉన్నాయి. ఇది లేదు.

"మనవాళ్ళు ఎక్కువెక్కే విమానం చూడండి. పక్కన తెలుగు మనిషి ఒకత్తి ఉంటే చాలు."

"గట్లయితే చికాగో పోయి గల్ఫ్ ఫ్లైట్ ఎక్కాలె ఆంటీ. ఒక్కసారే దిగుడు. అండ్ల సగం మనోళ్లే, హైదరాబాద్ బస్సు లెక్క ఉంటది. కానీ నడుమ శానా సేపు కూసోవాలె."

"కూర్చుంటా. నాకు ఉరుకులు పరుగులొద్దు."

ఏ విమానమన్నది అలా తేలింది. శ్రీకాంత్ టికెట్‌తో పాటు వీల్‌చెయిర్ కూడా పెట్టాడు. ఇంగ్లీషు రాని మన పెద్దవాళ్ళకి ఇక్కడ అందరూ చేసే ఏర్పాటే అది. కాళ్ళు బాగానే ఉన్నా, ఆ కుర్చీ తోసే మనిషే గేటు దాకా దారి చూపిస్తారు.

చికాగో వెళ్ళే దారంతా మొక్కజొన్న చేలు. వెనక సీట్లో పాపని ఆడిస్తూ, "ఇంత చేలో ఒక్క మనిషీ కనపడడేంటమ్మాయ్?" అని ఆవిడ రెండు మూడుసార్లు అడిగారు. మా ఆవిడ కిటికీ వైపు తిరిగింది. నేను రోడ్డు చూస్తూ నడిపాను.

ఎయిర్‌పోర్టులో ఒకావిడ చక్రాల కుర్చీ తెచ్చింది. అత్తగారు రెండడుగులు వెనక్కి వేశారు.

"నేను కూర్చోను."

"అమ్మా, ప్లీజ్, టైమ్ అవుతోంది."

"అల్లుడుగారు నిలబడి ఉంటే నేను ఊరేగింపుకి కూర్చున్నట్టు కూర్చోనా? ఏం బాగుంటుందే?"

ఆవిడకి ఎలా నచ్చచెప్పాలో నాకు తెలియలేదు. వెనక్కి తిరిగి నిలబడ్డాను. కాసేపటికి కుర్చీ కిర్రుమంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆవిడ కూర్చుని ఉన్నారు, ఒళ్ళో పాప ఉంది. కుర్చీ సెక్యూరిటీ వైపు కదిలింది. మేము సెక్యూరిటీ దాటి వెళ్ళడానికి లేదు.

హైదరాబాద్‌లో దిగాక ఫోన్ చేశారు. "పక్క సీట్లో గుంటూరమ్మాయి. దానికీ చంటివాడున్నాడు. వాణ్ణి నేను పట్టుకున్నా, మనదాన్ని అది పట్టుకుంది. చెప్పానా?" ఆ చివరి మాట నాకు వినపడేలా అన్నారనుకుంటాను.

పాపకి అక్కడే పళ్ళు వచ్చాయి, నడక వచ్చింది. మాటలు వచ్చాయి. అత్తగారినే 'అమ్మ' అంది. వీడియోలో మమ్మల్ని చూసి ఫోన్ వెనక ఏముందోనని వెతికేది.

రెండో ఏడు నిండకముందే, అన్న మాట ప్రకారం పాపని తీసుకొచ్చారు. పాప మా ఆవిడ దగ్గరికి వెళ్ళేది కాదు. అత్తగారి కొంగు వదిలేది కాదు. మొదటి రాత్రి నుంచే అత్తగారు పాపని మా గదిలో వదిలి, తన పక్క హాల్లో వేసుకున్నారు. పాప ఏడుస్తూ వెళ్ళి ఆవిడ మోకాళ్ళు పట్టుకునేది. ఆవిడ సోఫా అంచున కూర్చుని, రెండు అరచేతులూ తొడల కింద పెట్టేసుకునేవారు. "మీ అమ్మ అదిగో" అని గడ్డంతో చూపించేవారు.

"కాసేపు ఎత్తుకో అమ్మా, చూడలేకపోతున్నా" అని మా ఆవిడే బతిమాలింది.

"ఇప్పుడు నేనెత్తుకుంటే అది నీకు దక్కదు" అన్నారు.

అలాగే కొన్ని వారాలు గడిచాయి. నేను లోపలికి వచ్చినా ఒక్కోసారి లేవడం మర్చిపోయేవారు. ఒక మధ్యాహ్నం పాప పడి, మోకాలు గీరుకుని, ఆవిడ పక్కనుంచే పరిగెత్తి మా ఆవిడ దగ్గరికి వెళ్ళింది. అత్తగారు అటు చూసి, తొడల కింద నుంచి చేతులు తీసుకుని, వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు కడిగారు. ఆ సాయంత్రమే, "అమ్మాయ్, నా టికెట్ చూడమను అల్లుడుగారిని. ఏ విమానమైనా పర్లేదు" అన్నారు.

మళ్ళీ చికాగో, మళ్ళీ చక్రాల కుర్చీ. ఈసారి ఒళ్ళో ఏమీ లేదు. కుర్చీ తెచ్చిన మనిషి చెయ్యి చూపించగానే కూర్చున్నారు. నేను ఎదురుగానే ఉన్నాను. వెనక్కి తిరగాలని నాకూ తోచలేదు. పాపకి అప్పుడు అర్థమైంది. మా ఆవిడ చంకలోంచి ముందుకు వంగి, రెండు చేతులూ చాచి "అమ్మా" అని పెద్దగా ఏడ్చింది. మా ఆవిడ రెండడుగులు ముందుకు వేసింది. అత్తగారు తల అడ్డంగా ఊపారు.

కుర్చీ కదిలింది. ఆవిడ వెనక్కి చూడలేదు. మలుపు దగ్గర కుర్చీ పక్కకి తిరిగినప్పుడు చూశాను. చేతులు తొడల కిందే ఉన్నాయి.