మ్యాపు మీద మల్లయ్య చెయ్యి

దయ్యాలూ మహిమలూ నేనెప్పుడూ నమ్మలేదు. బీయస్సీ ఫిజిక్సు చదివినవాడికి ఉద్యోగమే ఓ పట్టాన కనబడదు, ఇక దయ్యాలేం కనబడతాయి? జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

తొంభైల నడిమిన బహ్రెయిన్‌లో, మీనా సల్మాన్ రేవు దగ్గర ఓ గోడౌను ఆఫీసులో టైపిస్టుని. మా కఫీల్‌కి, అంటే మాకు వీసాలిచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమానికి, వేట పిచ్చి. ఆ ఏడు అమెరికా కొండల్లో, వంకీ కొమ్ముల అడవి పొట్టేలుని కొట్టాలని పట్టుబట్టాడు. రోడ్డు లేని చోటు, గుర్రాల మీద రెండు రోజులు. ఫాక్సులు, పర్మిట్టు, సామాన్ల లిస్టు, అన్నీ నా నెత్తినే. అప్పటిదాకా నేను ఎక్కిన పెద్ద కొండ అన్నవరం.

ఆయనకేమైనా అయితే మా పదకొండు మంది వీసాలూ ఆయనతోనే పోతాయి. అంచేత లిస్టు మహా శ్రద్ధగా చేశాను. భక్తి అన్నా తప్పులేదు.

అక్కడి గైడు మ్యాపు పంపాడు. నాలుగు షీట్లు అతికించి నేల మీద పరిచి, అతను గుడారం వేస్తానన్న చోట ఎర్ర సున్నా చుట్టాను. అప్పుడే మల్లయ్య వచ్చాడు. పాలమూరు మనిషి, తాతల నాటి నుంచీ గొర్రెల కాపరులు. సల్మాబాద్ అవతల కఫీల్ గొర్రెల్ని చూసుకునేవాడు. దాణా చీటీ మీద వేలిముద్ర వెయ్యడానికి వారానికోసారి ఆఫీసుకొచ్చేవాడు.

"ఇదేంది సారూ?"

"కొండలు. మన కఫీల్ అడవి గొర్రెని కొట్టడానికి పోతున్నాడు."

"ఈడున్న గొర్లు సాల్తలేవా?" అంటూ చెప్పులు విడిచి గొంతుక్కూర్చున్నాడు. అరచెయ్యి కాగితం మీద పెట్టి మెల్లిగా జరిపాడు. ఎర్ర సున్నా మీద ఆగింది.

"ఈడ మంద పండబెట్టొద్దు." చెయ్యి వాగు దాటించి ఇంకో చోట పెట్టాడు. "ఈడ పండుమను. పొద్దుగాల్నే ఎదురుంగ వస్తది, కుడి కొమ్ము ఇరిగిన పొట్టేలు."

"మల్లయ్యా, అది కాగితం."

"ఔ సారూ, కాయితమే," అని వేలిముద్ర వేసి వెళ్లిపోయాడు.

నవ్వొచ్చింది. అతను చూపించిన చోట ఓ చుక్క పెట్టి, లిస్టులో ఉన్ని మేజోళ్లకీ బ్యాటరీలకీ మధ్య ఓ లైను కొట్టాను: ఎర్ర సున్నా దగ్గర పడుకోరాదు, వాగవతల చుక్క దగ్గర పడుకోవలెను. నా జోకులు ఎవరూ పట్టించుకోరన్న ధైర్యం.

కఫీల్ నవ్వలేదు. అంతకన్నా ఘోరం, పాటించాడు. లిస్టులో ఉన్నదానికి టిక్కు పడి తీరాలన్నది ఆయన పెట్టిన పద్ధతే. గైడు గొణుక్కుంటూ గుడారం మార్చాడట.

మూడు వారాలకు కఫీల్ తిరిగొచ్చి నా బల్ల మీద రెండు ఫొటోలు పెట్టాడు. ఒకదాంట్లో ఎర్ర సున్నా చోటు. వాళ్లు వాగవతల పడుకున్న రాత్రే చరియ విరిగి, అక్కడ లారీలంత బండలు పడ్డాయి. రెండోదాంట్లో పొట్టేలు. కుడి కొమ్ము సగానికి లేదు. తెల్లారేసరికి గుడారం ఎదురుగా నిలబడి ఉందట. తుపాకీ ఎత్తడానికి చేతులు రాలేదన్నాడు.

ఆ సాయంత్రమే నన్ను వెంటబెట్టుకుని సల్మాబాద్ వెళ్లాడు. దొడ్లో మల్లయ్య ఓ గొర్రె డెక్క శుభ్రం చేస్తున్నాడు. కఫీల్ తెల్లబట్టలతోనే అతనెదురుగా దుమ్ములో కూర్చున్నాడు. ఎలా తెలిసిందో అడగమన్నాడు. అడిగాను.

"మంద పండేముందు నేల మీద చెయ్యి పెట్టి సూస్తం సారూ. మా నాయిన గట్లనే సూసేటోడు."

ఆయనకి అర్థమయ్యే హిందీలో చెప్పాను. కఫీల్ తన అరచెయ్యి దుమ్ము మీద పెట్టి చూశాడు. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు చదువుకున్నవాడివి కదా, నువ్వు చెప్పు," అన్నాడు.

గొర్రె తన్నుకుంటోంది. నేను వంగి దాని కాలు పట్టుకున్నాను, మల్లయ్యకి సాయంగా. ఇన్నేళ్లయినా అంతకన్నా మంచి జవాబు నాకు దొరకలేదు.