రాక్షసుడి దగ్గు

సినిమాలో ఫ్యాక్టరీ మురుగులోంచి పుట్టిన రాక్షసుడి వేషం ఆయనది. ఆ రబ్బరు తొడుగు తూకం వేస్తే ఆయనలాంటివాళ్లు ఇద్దరు తూగుతారు. ఒళ్లంతా పౌడరు రాసుకుని, పెళ్లికొడుకంత దర్జాగా అందులోకి దూరతాడు. ఎంత గర్జించినా కథానాయిక మాత్రం కిలకిలా నవ్వుతూనే ఉంది. "ఈసారీ అమ్మాయి జడుసుకోకపోతే రేపు వేరేవాణ్ణి పెట్టుకుంటాను," అన్నాడు దర్శకుడు. "జడుసుకుంటుందండీ, నాది పూచీ," అన్నాడు రాక్షసుడు.

ఈసారి ఆయన గర్జించలేదు. రంగుల ఫ్యాక్టరీలో పనిచేసే వాళ్లన్నయ్య రోజూ పొద్దున్నే దగ్గినట్టు, గోడకు చెయ్యి ఆన్చి, పేగులు నోట్లోకొచ్చేలా దగ్గాడు. అమ్మాయి నవ్వు ఠక్కున ఆగింది. "అయ్యో, బాబాయ్‌కి ఊపిరాడట్లేదు! ఎవరైనా రండి!" అని కెవ్వుమంది. కెమెరా ఆ భయాన్నంతా పట్టేసింది. దర్శకుడు "కట్" అనేదాకా ఆగి, రాక్షసుడు నడుం నిటారుగా చేశాడు. "చెప్పానా అండీ? ఆ దగ్గుకి జడుసుకోనివాళ్లు మా ఇంట్లోనే లేరు."