కూర్చుంటే రాని స్పానిష్

అక్కది హోటల్ కింది అంతస్తులో ఇస్త్రీ పని. పొద్దున్న నిలబడితే సాయంత్రానికి పాదాలు చెప్పుల్లో పట్టవు. అలాంటిది పైన రిసెప్షన్‌లో ఒక కుర్చీ ఖాళీ అయింది. వచ్చేపోయేవాళ్లలో సగం మంది స్పానిష్ మాట్లాడేవాళ్లే కాబట్టి, ఆ భాష నేర్చుకుంటే కుర్చీ నీదేనన్నాడు మేనేజరు. ఇంకేముంది, స్పానిష్ పాఠాలు చెప్పుకుని బతికే చెల్లెలి ప్రాణం మీదికి వచ్చింది.

మామూలు మాటలు ఎలాగో గట్టెక్కాయి. ‘అలా అయితే ఇలా చేసేదాన్ని’ అనే రూపం దగ్గర మాత్రం బండి కదిలితే ఒట్టు. పోనీ అదేమైనా బ్రహ్మవిద్యా? క్రియను ముట్టుకోకుండా వెనకాల తోక తగిలించడమే.

"నీకు కావలసిన మాటే తీసుకుందాం. దెస్కన్సార్, అంటే విశ్రాంతి తీసుకోవడం. నేనైతే దెస్కన్సరీయా, తీసుకునేదాన్ని. మరి నువ్వైతే?"

"నేనూ తీసుకునేదాన్నేనే, ఎవరిస్తున్నారు?"

"ఖర్మ! తోక మార్చవే అంటే సొంత గోడు చెప్తావేంటి!"

చెల్లెలు తల బాదుకుంది. కుర్చీలో కూలబడితే చాలు, అక్కకు ఆవులింతలే. విసిగి వేసారి ఒక రోజు ఇస్త్రీ గదికే వెళ్లి, తోకలన్నీ చొక్కాకు అంటగట్టింది. నేనంటే కాలర్, ‘ఈయా’. నువ్వంటే భుజం, ‘ఈయాస్’. మనమంటే వీపు, ‘ఈయామోస్’. ఇస్త్రీపెట్టె కదిలేకొద్దీ అక్క ఏ క్రియనైనా గడగడా అప్పజెప్పేసింది. తన తెలివికి తానే మురిసిపోయిన చెల్లెలు అక్కడే పప్పులో కాలేసింది.

పరీక్ష రోజు మేనేజరు అక్కను మర్యాదగా కూర్చోబెట్టాడు.

"గది సిద్ధం కాలేదని అతిథి కోప్పడితే ఏం చేసేవారో స్పానిష్‌లో చెప్పండి."

అక్క నోరు తెరిస్తే ఆవులింత వచ్చింది. తలుపు సందులోంచి చూస్తున్న చెల్లెలికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంతలో అక్క దిగ్గున లేచి, బల్ల మీది గుడ్డను అరచేత్తో సాపు చేయడం మొదలుపెట్టింది. దాంతో మాట ఊడిపడింది. వేరే గది చూపించేదాన్ని, మంచినీళ్లు ఇచ్చేదాన్ని అంటూ తోక తప్పకుండా చెప్పింది. మేనేజరు బిత్తరపోయాడు గానీ ఉద్యోగం ఇచ్చాడు.

వారం తిరిగాక చెల్లెలు చూడబోయింది. కొత్త కుర్చీలో అక్క సంచి దర్జాగా కూర్చుంది. అక్క మాత్రం నిలబడి, కౌంటరును చేత్తో రుద్దుతూ ఎవరితోనో మాట్లాడుతోంది. వాళ్లు వెళ్లగానే చెల్లెలు విరుచుకుపడింది.

"కూర్చోవే తల్లీ! దీనికోసమేగా ఇన్నాళ్లూ నా ప్రాణం తీశావు!"

"కూర్చుంటే ఒక్క ముక్క రావట్లేదే," అంది అక్క, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూ.

చెల్లెలికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నిలబెట్టి నేర్పింది తనే మరి. ఆ సాయంత్రం అక్కను వంటగది కుర్చీలో కుదేసింది.

"చేతులు ఒళ్లో పెట్టుకో. దెస్కన్సరీయా. మళ్లీ మొదట్నుంచీ."

"ఒసేయ్, నన్ను చంపకే!"

అంటూనే అక్క కళ్లు మూసుకుంది. కుడిచెయ్యి మెల్లగా మోకాలి మీది బట్టను సాపు చేయబోయింది. చెల్లెలు ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.